పదకొండు గుమ్మాల వేపమండ

పదకొండు గుమ్మాలకు వేపమండలు కట్టి, ఒక్క మాటైనా అనకుండా ఊరినంతటినీ నమ్మించిన మనిషి, ఆఖరికి ఒకే ఒక్క అబద్ధం ఆడాల్సి వచ్చినప్పుడు ఎందుకు ఆడలేకపోయింది? నాలుగేళ్ళుగా ఈ ప్రశ్న నాతో ఉంది. నాకిప్పుడు డెబ్భై ఆరేళ్ళు. చదివిన పుస్తకాలు గోడ పొడుగునా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ దీనికి జవాబు చెప్పలేదు. కరుణకుమారిని అడిగితే చెప్పేదేమో. అడిగేంత చనువు మా మధ్య లేదు. ఉన్నమాట చెప్పాలంటే, ఆవిడంటే నాకు ఇష్టం కూడా లేదు.

మా మిల్లు వీధిలో ఆవిడంటే ఇష్టమున్నవాళ్ళు ఎవరూ లేరు. పాయకరావుపేటలో ఒక ఆసుపత్రిలో ఇరవై ఏడేళ్ళు వార్డు ఆయాగా చేసి, పని మానేశాక వచ్చి వీధి చివర చర్చివారి వరస ఇళ్ళలో ఒక గదిలో దిగింది. పొడుగు మనిషి. గొంతు కటువు. వార్డులో అందరినీ అదిలించిన అలవాటు పోలేదు. వచ్చిన వారంలోనే ఎదురింటి పెళ్ళిలో డీజే బాక్సుల వైరు తన చేత్తో పీకేసింది, పక్కింట్లో పచ్చి బాలింత ఉందని. ఆ రోజునుంచి కుర్రాళ్ళు ఆవిడకు సైలెన్సరు అని పేరు పెట్టారు. ఆవిడ నడిచి వెళ్తుంటే బండి ఎక్సలేటరు తిప్పి మోత పెట్టేవారు. ఆవిడ ఆగి, ఆ బండి నంబరు గట్టిగా చదివి, మళ్ళీ నడిచేది.

చర్చిలోనూ అంతే. క్రిస్మస్ ఆరాధనకు మైకు పెద్దది పెడితే, రెండో వరసలో ఉన్న ముసలాయనకు గుండె ఆపరేషన్ అయిందనీ, బాక్సు అటు తిప్పమనీ అందరి ముందూ లేచి చెప్పింది. పాస్టరు జ్ఞానానందంగారు ప్రార్థన మధ్యలో ఆపాల్సి వచ్చింది. ఆయన మరిచిపోలేదు.

ఈ మోతల మీద నీకెందుకమ్మా ఇంత పట్టుదల అని ఒకసారి అడిగాను. అప్పుడు ఆవిడ నా అరుగు మీద కూర్చుని దూదిని కరిగిన మైనంలో ముంచి చిన్న చిన్న ఉండలు చేస్తోంది. చెవుల్లో పెట్టుకోవడానికి.

"పండగ మర్నాడు మా వార్డు నిండిపోయీదండి, గుమస్తాగారూ. ఫిట్సొచ్చిన పిల్లలు, గుండె అదిరిన ముసలోళ్ళు, బెదిరి పరిగెత్తి కాలువలో పడ్డోళ్ళు. ఇరవయ్యేడేళ్ళు సూసేను. పండగకి ముందురోజు వాళ్ళ దగ్గరికి ఎల్లినోడు ఒక్కడూ లేడు," అంది.

"మరి మోత లేకుండా పండగేమిటి?"

"మోత వద్దని నేను అన్లేదే. మోతకి ఎవరూ సావరు. తెలీకుండా వచ్చిన మోతకే ప్రాణం పోద్ది."

అందుకని పండగకు వారం ముందునుంచీ ఆవిడకు వేరే పని ఉండేది కాదు. డప్పులవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఏ వీధికి ఎన్ని గంటలకు వస్తారో కనుక్కునేది. బాణాసంచా కట్టేవాడి దగ్గర కూర్చుని, ఏ మూల ఎన్ని ఔట్లు పేలుస్తాడో రాయించుకునేది. మా ప్రాంతంలో ఔటంటే మామూలు టపాకాయ కాదు, కిటికీ అద్దాలు అదిరే రకం. ఆ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఇదిగో నాలుగున్నరకు, ఇదిగో నాలుగు ఔట్లు, అప్పుడు పిల్లాణ్ణి వెనకగదిలో పెట్టి తడిగుడ్డ చేతికివ్వు అని చెప్పేది. చెప్పే పద్ధతి మాత్రం తిట్టినట్టే ఉండేది.

వేపమండ సంగతి ఆవిడకు మా అరుగు మీదే తట్టింది. వచ్చిన మొదటి సంవత్సరం అమ్మవారి పండగనాడు మా వీధిలో ఒకింట్లో పిల్లకు అమ్మవారు పోసి ఉంది. ఒంటినిండా పొక్కులు. గుమ్మానికి వేపమండ కట్టారు. ఊరేగింపు ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి డప్పులవాళ్ళు అరచేతులు చర్మం మీద ఆనించి, మోత చంపేసి, తలలు వంచుకుని నడిచారు. డీజేవాడు తనంతట తానే పాట ఆపేశాడు. ఔటు ముట్టించేవాడు అగ్గిపుల్ల ఆర్పేశాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అమ్మ వచ్చి ఉన్న ఇంటి ముందు అమ్మకోసమైనా మోత చెయ్యకూడదని ఇక్కడ పుట్టినవాడికెవడికైనా తెలుసు. కరుణకుమారి నా పక్కన నిలబడి అదంతా కళ్ళార్పకుండా చూసింది.

మరుసటి ఏడు పండగనాటి పొద్దున్నే వచ్చి, "మీ వేపచెట్టు మండలు కావాలి, ఆ దోటి ఇవ్వండి," అంది. మూడు గుమ్మాలకు కట్టింది. ఆ తరువాతి ఏడు ఆరు గుమ్మాలకు.

"ఎవరైనా అడిగితే ఏం చెబుతావు?" అన్నాను.

"వేపమండ సూసి ఎవరూ అడగరండీ. పక్కకి తప్పుకుంటారు."

నేను కొడవలి కట్టిన ఆ దోటి ఇచ్చాను. చెట్టు నాది. ఇందులో నా భాగం అంతే అని చాలాకాలం అనుకున్నాను.

ఇక సోమన్న గురించి చెప్పాలి. ఏజెన్సీ మనిషి, నలభై దాటిన వయసు. రాతిక్వారీలో డ్రిల్లరుగా చేసేవాడు. కొండకు అయిదు తూట్లు వేసి మందు పెడితే నాలుగే పేలాయి. పేలినవి లెక్కపెట్టినవాడు అయిదన్నాడు. దగ్గరకు వెళ్ళాక అయిదోది పేలింది. చెరో పక్కనా ఉన్న ఇద్దరూ పోయారు. సోమన్నకు ఒంటిమీద గీత కూడా పడలేదు. ఆ తరువాత పని చెయ్యలేక, అక్క రాజులమ్మతో కిందికి దిగి మా వీధిలో ఒక పెరటిగది అద్దెకు తీసుకున్నాడు. అక్క కొండనుంచి అడ్డాకులు తెచ్చేది, తమ్ముడు చీపురుపుల్లలతో విస్తళ్ళు కుట్టేవాడు. చక్కగా కుట్టేవాడు. ఒక్క పుల్ల కూడా పైకి పొడుచుకు వచ్చేది కాదు.

వాళ్ళు వచ్చిన నెలకే పండగ వచ్చింది. కరుణకుమారికి ఇంకా వాళ్ళ సంగతి తెలియదు. మొదటి ఔటు పేలగానే సోమన్న విస్తరి వదిలేసి వీధిలోకి పరిగెత్తాడు. ఊరేగింపుకు ఎదురుగా పరిగెత్తి, ఘటం ఎత్తుకున్న ఆవిణ్ణి గుద్దేశాడు. తాగి వచ్చాడనుకున్నారు. పిండిమర మత్స్యలింగం బస్తాలు కట్టే తాడు తెచ్చి కరెంటు స్తంభానికి కట్టేశాడు. మిగిలిన ఔట్లన్నీ ఆ స్తంభం పక్కనే పేలాయి. మూడు గంటల తరువాత రాజులమ్మ సంతనుంచి వచ్చి కట్లు విప్పింది. ఇరవై రోజులు సోమన్న నోరు తెరవలేదు.

అందుకని మరుసటి ఏడు రాజులమ్మ పండగకు పది రోజుల ముందే కరుణకుమారి గుమ్మంలో కూర్చుంది.

"మళ్ళీ కట్టేత్తే ఈడు బతకడు. కొండకి తీసుకుపోదారంటే అక్కడ రోడ్డుకోసం కొండ పేల్సుతన్నారు. ఎక్కడికి ఎల్లమంతావు నన్ను?"

"ఎక్కడికీ ఎల్లక్కర్లేదు. ఈసారి ఎవరూ కట్టరు," అంది కరుణకుమారి. ఆవిడ అలా మాట ఇవ్వడం నేను అంతకుముందు వినలేదు.

రోజూ సాయంత్రం వెళ్ళి సోమన్న పక్కన పీట వేసుకుని కూర్చునేది. కాగితం చూసి, ఇన్ని గంటలకు డప్పులు, ఇన్ని గంటలకు డీజే బండి, మూల దగ్గర నాలుగు ఔట్లు, మన గుమ్మం ముందు ఒక్కటీ లేదు అని చెప్పేది. అతను కుడుతూనే వినేవాడు. ఒక రోజు మాత్రం చెయ్యి ఆపి అడిగాడు.

"అయిదోదో?"

"అయిదోది లేదు. నాలుగే."

"నాలుగే అనే అన్నారండి మాకూనూ. కాదు, అయిదన్నారు. పేలింది నాలుగు."

కరుణకుమారి కాగితం మడిచి లేచింది.

పండగ మంగళవారం. ఆ పొద్దున నా దోటితోనే పదకొండు గుమ్మాలకు మండలు కట్టింది. మాట రాని పిల్లాడున్న ఇల్లు ఒకటి. గుండె ఆపరేషన్ అయిన ముసలమ్మ ఇల్లు ఒకటి. సోమన్న గది ఆఖరిది. పది గంటలకు గౌతమి వచ్చింది. ఎస్. రాయవరంనుంచి బదిలీ మీద వచ్చిన ఏఎన్ఎం, వచ్చి నెల కూడా కాలేదు. ఒక్క వీధిలో పదకొండు వేపమండలు చూసేసరికి ఆ పిల్లకు కంగారు పుట్టింది. రిజిస్టరు తీసి ఇంటింటికీ వెళ్ళింది. ఒక్క ఇంట్లోనూ ఒక్క పొక్కు లేదు. నేరుగా పండగ కమిటీ పెద్ద రాజుబాబు దగ్గరకు వెళ్ళి, ఇదేమిటండీ అని అడిగింది. ఆ పిల్ల తన పని తాను చేసింది.

పదకొండు గంటలకు రాజుబాబు పాతికమందితో సోమన్న గుమ్మం ముందుకు వచ్చాడు. చేతిలో పసుపుకుంకాల పళ్ళెం. కరుణకుమారి లోపల సోమన్నకు దూది ఉండలు సరిచేస్తోంది. బయటకు వచ్చింది. నేను జనంలో నిలబడ్డాను.

"ఆయమ్మా, ఈ ఇంటికి అమ్మోరు వచ్చిందా?" అన్నాడు రాజుబాబు.

ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పదకొండిళ్ళకి వచ్చిందంట గదా. మా ఇంటికి రాలేదు, గుడి కట్టించినోళ్ళ ఇంటికి రాలేదు. నీ దూది పెట్టించుకున్నోళ్ళ ఇళ్ళకే వచ్చిందేటి?"

వెనకనుంచి ఎవరో నవ్వారు. "సైలెన్సరు సెబితే అమ్మోరు కూడా ఇంటాదిరా."

"నవ్వకండెహె," అని రాజుబాబు వెనక్కి కసిరాడు. అతని మొహం నిజంగానే ఎర్రబడి ఉంది. "మా అమ్మ గుడ్డితనం ఈ అమ్మోరు వల్లే వచ్చింది. నాకు వేపమండ అంటే ఆట కాదు. అమ్మోరి పేరు సెప్పి అమ్మోరి నోరే మూయించేవంటే నేనూరుకోను. ఈ పళ్ళెం మీద చెయ్యేసి ఒట్టెయ్యి. వచ్చిందని ఒట్టెయ్యి, అందరం దండం పెట్టి ఎల్లిపోతాం."

"మేం ఒట్లు పెట్టం," అంది కరుణకుమారి.

"ఒట్టెందుకు లేరా బాబూ, ఆళ్ళ మతంలో లేదు," అన్నాడొక పెద్దాయన. "ఊరికే నోటితో సెప్పమను."

రాజుబాబు పళ్ళెం కింద పెట్టాడు. గొంతు తగ్గించాడు. ఇప్పుడు తలుచుకుంటే నాకు అనిపిస్తుంది, అతను ఆవిడకు దారి ఇచ్చాడు. ఆడవాళ్ళు చూస్తున్నారు, పండగ పూట గొడవ అతనికీ ఇష్టం లేదు.

"సరే. ఊరికే సెప్పు. అవునా, కాదా? నువ్వు అవునంటే నేను నమ్ముతాను."

గదిలో చాప మీద సోమన్న విస్తరి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. రాజులమ్మ గుమ్మం పక్కన నిలబడి, కరుణకుమారి నోటికేసే చూస్తోంది. అవును అంటే సరిపోతుంది. మూడే అక్షరాలు.

"కాదు," అంది కరుణకుమారి.

మొదట కదిలింది రాజులమ్మ. వచ్చి ఆవిడ భుజం పట్టి ఒక్క తోపు తోసింది. "నీ నోట్లో మన్నుబడ. మూడేళ్ళబట్టి గుమ్మానికి అబద్ధం కడతన్నావు గదే. నోటికి రాలేదా అది, నా తమ్ముడి కాడికొచ్చేతలికి?"

కుర్రాళ్ళు మండలు తెంపేశారు. పదకొండూ తెంపి వీధి మధ్యలో వేసి తొక్కారు. రాజుబాబు డీజేవాణ్ణి పిలిచి, ఈ వీధిలో రెండు పాటలు ఎక్కువ వెయ్యమన్నాడు. గౌతమి ఒక పక్కన రిజిస్టరు గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది. ఏదో అనబోయి మానేసింది. నేనూ అనలేదు. ఆ మండలు నా చెట్టువేనని నాకు ఎవరూ గుర్తు చెయ్యలేదు.

ఊరేగింపుకు ఇంకా నాలుగు గంటలుంది. కరుణకుమారి సోమన్నను చర్చికి తీసుకెళ్దామని బయలుదేరింది. చర్చి గోడలు దళసరివి, లోపల కూర్చుంటే బయటి మోత సగమైనా తగ్గుతుంది. జ్ఞానానందంగారు గేటు దగ్గరే ఆపారు.

"వేపమండలు కట్టావట సహోదరీ. మూడేళ్ళుగా."

"కట్టేనండి, అయ్యగారూ."

"ఆ చేతులతో ఈ తలుపు తియ్యమంటావా? ఆదివారం సంఘం ముందు ఒప్పుకో. అప్పుడు మాట్లాడదాం."

"ఆదివారం ఔట్లు ఉండవండి. ఇయ్యాలే."

"నీ మంచికోసమే చెబుతున్నాను," అని ఆయన గేటు వేసుకున్నారు.

మధ్యాహ్నం రెండున్నరకు ఆవిడ తన రేషను బియ్యం సంచి మోసుకుని నా అరుగు ముందుకు వచ్చింది. "ఇది పట్టుకోండి," అంది. ఎందుకని అడగకుండా పట్టుకున్నాను. సోమన్న, రాజులమ్మ వెనక నడిచారు. రాజులమ్మ దారి పొడుగునా తిడుతూనే ఉంది. మా ఇల్లు పనికిరాదు, ఔట్లు పేల్చే మూల మా గోడకే ఆనుకుని ఉంది. నడిచి నడిచి మత్స్యలింగం పిండిమర ముందు ఆగాం.

మత్స్యలింగం తలుపు సగం తీసి చూశాడు. "పండగ పూట మర తిప్పకూడదు. ఎల్లండి."

"తిప్పితే ఏటవుద్ది?"

"రాళ్ళు పగుల్తాయి. మా అమ్మ సెప్పీది."

"పగిల్తే నేను కొనిస్తాను."

"నీ కాడేటుంది కొనీడానికి? ఊరందరి సేతా తిట్లు తిని నా కొంపకి వచ్చేవా? పోవే ఆయమ్మా, పొద్దున్న సూసేను నీ సత్యం."

"మోత ఆగకుండా ఒకేలాగ ఉంటే ఈడికి పర్లేదు," అంది కరుణకుమారి. "ఠక్కున వచ్చిందే పడదు. నీ మర మోతలో బయట మోత కలిసిపోద్ది. రెండు గంటలు తిప్పు. బియ్యం తెచ్చేను."

"నానెందుకు తిప్పాల?"

"పోయినేడు ఈణ్ణి కట్టింది నీ తాడే గదా."

మత్స్యలింగం సోమన్నకేసి తిరిగాడు. సోమన్న అతన్ని చూడడంలేదు. మర వెనక గోడకు మేకు ఉంది, మేకుకు బస్తాల తాడు చుట్ట వేలాడుతోంది. సోమన్న దాన్ని చూస్తున్నాడు. మత్స్యలింగం వెనక్కి తిరిగి, అతను దేన్ని చూస్తున్నాడో చూశాడు. వెళ్ళి తాడు తీసి, పెరటి తలుపు తెరిచి, బయటికి విసిరేశాడు.

"నీకోసం కాదు," అన్నాడు కరుణకుమారితో. "నీ మొగం సూత్తే నాకు ఒంటిమీద తేళ్ళు పాకినట్టుంటాది. లోపలికి రండి బేగి."

స్విచ్చి వేశాడు. బెల్టు పట్టుకుంది, మర గుర్రుమంటూ అందుకుంది. బియ్యం పిండి అయ్యాక ఆ పిండినే మళ్ళీ పోశారు. అదయ్యాక మళ్ళీ. మూడోసారికి పిండి చెయ్యి పెట్టలేనంత వేడెక్కి మాడు వాసన వేసింది. సోమన్న రెండు అరచేతులూ మర పెట్టె మీద ఆనించి నిలబడ్డాడు. చేతుల మీదుగా అదురు భుజాలదాకా కనిపిస్తోంది. కాసేపటికి ఆ భుజాలు దిగాయి. దూరాన డప్పులు మొదలైనట్టు నాకు తెలిసింది గానీ అతనికి తెలియలేదు. రాజులమ్మ తిట్టడం ఆపింది.

నాలుగుంబావుకు కరెంటు పోయింది.

పోదా మరి. అమ్మవారి రథం శిఖరం తీగలకు తగులుతుందని, మా వీధిలోకి వచ్చే ముందు లైనుమేను ప్రతి ఏడూ కరెంటు తీస్తాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తీస్తూనే ఉన్నారు. ఈ వీధిలోనే పుట్టిన మత్స్యలింగానికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. గంటలు, నిమిషాలు రాసుకున్న కరుణకుమారి కాగితంలోనూ ఆ సంగతి లేదు. మర దిగి దిగి ఆగిపోయింది. గదిలో చీకటి, పిండి ధూళి. డప్పులు ఒక్కసారిగా దగ్గరకు వచ్చేసినట్టయింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

రేకులమీదినుంచి దుమ్ము రాలింది. సోమన్న నాలుగింటికీ కదల్లేదు. నాలుగోది అయ్యాకే అతని మొహం మారింది. అయిదోదానికోసం చూస్తున్నాడు. తలుపుకేసి నడిచాడు. మత్స్యలింగం అడ్డం వచ్చి రెండు చేతులూ చాచాడు. సోమన్న ఆ చేతుల్ని చూసి నోట్లోనుంచి ఒక శబ్దం చేశాడు. అది మనిషి శబ్దం కాదు.

"లింగం. చేతులు వెనక్కి పెట్టుకో," అంది కరుణకుమారి.

అతను పెట్టుకున్నాడు.

ఆవిడ మర బెల్టు రెండు చేతులతో పట్టుకుని లాగింది. చక్రం జానెడు తిరిగి ఆగింది. "సోమన్నా, ఇది నాతో అవదు. బరువు. ఇటు రా." మళ్ళీ లాగింది. "రా, పట్టు. నువ్వు బరువులు మోసినోడివి గదా. నిలబడి సూత్తావేటి?" అదే వార్డు గొంతు. బతిమాలడం అందులో లేదు.

సోమన్న తలుపునూ చూశాడు, బెల్టునూ చూశాడు. వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరూ లాగితే చక్రం తిరిగింది. లోపల రాయి రాయి మీద గరగరమంది. ఆ మోత ఎంతని, బయటి డీజేలో వినపడను కూడా వినపడదు. కానీ చేతుల్లో తెలుస్తుంది. మత్స్యలింగం అవతలి పక్క పట్టుకున్నాడు. నేనూ పట్టుకున్నాను. బెల్టు నా అరచేతుల తోలు ఊడదీసింది. రెండు పాటలు ఎక్కువ వెయ్యమన్నాడు గదా రాజుబాబు, ఆ రెండూ అయ్యేదాకా తిప్పాం. సోమన్న పంచె తడిసిపోయింది. కింది పెదవి తెగి గెడ్డం మీద రక్తం కారింది. తలుపుకు గడియ వెయ్యకపోయినా అతను పరిగెత్తలేదు. ఎవరూ కట్టలేదు.

డప్పులు పక్క వీధిలోకి మళ్ళాక మత్స్యలింగం చేతులు దులుపుకున్నాడు. "ఈ మాడుపిండి ఎత్తుకుపోండి. ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు ఆయమ్మా."

"తొక్కన్లే," అంది ఆవిడ.

రాజులమ్మ తమ్ముణ్ణి పట్టుకుని నడిపించుకు పోయింది. కరుణకుమారితో ఒక్క మాటైనా అనలేదు. పొద్దున్నటి తోపు గురించీ అనలేదు.

మిగిలిన పది ఇళ్ళ సంగతి చెప్పకపోతే నేను అబద్ధం ఆడినట్టే. మాట రాని పిల్లాడు తలను గోడకు కొట్టుకున్నాడు. అయిదు కుట్లు పడ్డాయి. గుండె ముసలమ్మను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బతికి వచ్చింది గానీ మంచం దిగలేదు. పిల్లాడి తల్లి రక్తం మరకల తువ్వాలు తెచ్చి కరుణకుమారి గుమ్మం మీద వేసింది. "నువ్వు నిజం సెప్పుకున్నావు. నా కొడుకు తల పగిలింది. దాసుకో," అంది. కరుణకుమారి ఆ తువ్వాలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి వాళ్ళ అరుగు మీద పెట్టింది. ఆ తల్లి దాన్ని పుల్లతో ఎత్తి కాలువలో పారేసింది.

ఎండలు ముదిరాక నిజంగానే వచ్చింది అమ్మవారు. మా వీధిలో నాలుగిళ్ళలో పిల్లలకు పోసింది. గౌతమి వచ్చి, ఈ కాలంలో ఇది మామూలేనండీ అని అందరికీ చెప్పింది. ఎవరు వింటారు? ఉత్త వేపమండ కట్టి అమ్మను పిలిచింది, అమ్మ వచ్చింది అన్నారు. కొళాయి దగ్గర ఆవిడ బిందె పెడితే మిగతావాళ్ళు తమ బిందెలు తీసేసేవారు. చర్చిలో రెండు నెలలు ప్రభువు బల్లలో రొట్టె ఇవ్వలేదు. సంఘం ముందు ఒప్పుకోమంటే లేచి, "కట్టేను," అంది. తప్పని చెప్పమంటే కూర్చుంది. గది ఖాళీ చెయ్యమని జ్ఞానానందంగారు కాగితం పంపారు.

నేనేం చేశానంటే, ఏమీ చెయ్యలేదు. సాయంత్రాలు అరుగు మీద పుస్తకం తెరుచుకుని కూర్చునేవాణ్ణి. ఆవిడ ఆ దారినే వెళ్ళేది. ఒకసారి పేజీలో వేలు పెట్టి, ఎందుకు కాదన్నావమ్మా అని అడుగుదామని తల ఎత్తాను. అప్పటికే ఆవిడ దాటిపోయింది.

వెళ్ళిపోయిన రోజు బుధవారం, పొద్దున్న పది గంటలు. అందరూ గుమ్మాల్లోనే ఉన్నారు. ఆటో వచ్చింది. ఒక పెట్టె, ఒక చాప, రెండు గిన్నెల మూట ఎక్కించింది. తరువాత మా ఇంటికేసి వచ్చింది. చేతిలో నా దోటి. పండగనాటినుంచి ఆవిడ దగ్గరే ఉండిపోయింది. కొడవలి కట్టిన తీగ వదులైతే కొత్త తీగ చుట్టి బిగించింది. దాన్ని గోడకు ఆనించింది. నేను లేచి నిలబడ్డాను. ఆవిడ నా వైపు చూడలేదు.

ఆటోవాడు హ్యాండిలు లాగబోయాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. వాడి ఆటో సైలెన్సరు పగిలి ఉంది, స్టార్టు చేస్తే తుపాకీలా పేలుతుంది. ఆవిడ ఏదో చెప్పింది. వాడు విసుక్కున్నాడు. ఆవిడ వెనక్కి వెళ్ళి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, ఆటోను తోయడం మొదలుపెట్టింది. వాడు తిట్టుకుంటూ దిగి పక్కనుంచి తోశాడు. వీధంతా చూస్తోంది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. సోమన్న గది దాటేటప్పుడు అతను తల వంచుకుని పుల్ల గుచ్చుతున్నాడు. తల ఎత్తలేదు. ఎత్తడానికి అక్కడ ఏ చప్పుడూ లేదు.

మూల తిరిగి, కనుమరుగై, ఇంకా చాలా దూరం పోయాక స్టార్టు చేసినట్టున్నారు. మాదాకా సన్నగా వినిపించింది.